ఆరుద్ర నక్షత్రము అంత పెద్దది యెట్లయ్యెను?

పులివెందుల ప్రాంతమున సేద్యము చేయువారికి ఆరుద్ర యనినంతనే కార్తె జ్ఞాపకము వచ్చునుగాని నక్షత్రము జ్ఞాపకమునకు రాదు. జూన్ మాసము మూడవ వారము గడచిన పిమ్మట సూర్యుడు ఆరుద్రలో ప్రవేశించును. పదును వాన కురిసెనేని గొర్రు కట్టి వేరుసెనగ విత్తుదురు. అయితే ఆ కార్తెలో ఆ నక్షత్రము ఎవ్వరికిని కానరాదు. అప్పుడు సూర్యుడు ఆకాశమున దాని దిక్కుననే యుండుటచేత పగటి వెలుతురులో నది మరుగుపడిపోవును. దానిని కన్నులార చూడగోరువారు సంక్రాంతి వరకు వేచియుండవలెను.

సంక్రాంతి సెలవులు ముగిసి బడి తెరచిన దినములలో, రాత్రి తొమ్మిది గంటల వేళ ఆటస్థలమున నిలిచి తల యెత్తి చూచినయెడల, నడినెత్తికి కొంచెము దక్షిణముగా మూడు చుక్కలు వరుసగా కనబడును. వానికి ఉత్తరపు తట్టున ఎఱ్ఱగా మెరయు పెద్ద చుక్కయే ఆరుద్ర. దక్షిణపు తట్టున నీలిమ గలిసిన తెలుపుతో మెరయునది రైజెల్. మన తెలుగు బైబిలులో యోబు గ్రంథము 38వ అధ్యాయమున కృత్తికలతోపాటు పేర్కొనబడిన మృగశీర్ష యీ చుక్కల గుంపే. మూడు చుక్కల వరుసకు దిగువగా సన్నని చుక్కలు మూడు వ్రేలాడుచుండును. వానిలో నడిమిది చుక్కవలె గాక, అద్దముపై ఊదిన ఆవిరి మరకవలె నుండును. అదియే ఓరియన్ నీహారిక. ఈ వ్యాసమునకు ఆ మరకయే మూలము.

రెండు సంవత్సరముల క్రిందట ఇట్టి రాత్రియందే తొమ్మిదవ తరగతివారిని నిలువబెట్టి మేము నక్షత్రముల పుట్టుకనుగూర్చి పాఠము చెప్పుచుంటిమి. ఎన్నియో యేండ్లుగా చెప్పుచున్న మాటలనే ఆ దినమును చెప్పితిమి: వాయువంతయు మొదట ఒకచోట కుప్పగూడును, కుప్ప పూర్తియైన పిదప నడుమ వేడి పుట్టి దీపము వెలిగినట్లు నక్షత్రము వెలుగును, చిన్న కుప్ప చిన్న నక్షత్రమగును, పెద్ద కుప్ప పెద్ద నక్షత్రమగును. పిల్లలు తలలూపిరి. సున్నపుబట్టీలో పనిచేయువారి బిడ్డ యొకతె మాత్రము తల యూపలేదు. “అయ్యవారూ, బట్టీలో మంట పెద్దదయ్యేకొద్దీ బూడిద పైకి లేసిపోతాది. అంత పెద్ద చుక్క మంటకి చుట్టూ ఉండే గాలి నిలుస్తాదా? పారిపోదా?” అని యడిగినది.

గురుత్వాకర్షణము మిక్కిలి బలమైనదని చెప్పి మేము మాట దాటవేసితిమి. ఆ జవాబు చాలదని మాకు అప్పుడే తెలియును. ఇంటికి పోయి పుస్తకములు తిరుగవేసినకొలది సిగ్గు హెచ్చినది. ఆ బాలిక యడిగిన ప్రశ్ననే 1970 మొదలు ముప్పది నలుబది యేండ్లు గొప్ప ఖగోళశాస్త్రజ్ఞులు అడుగుకొనుచుండిరి. మేము చెప్పిన పాఠమో, చిన్న నక్షత్రములకు సరిపోవునుగాని పెద్దవానికి సరిపోదు. జవాబు సమకూర్చుకొనునంతలో ఆమె తల్లిదండ్రులు పనికొరకు వేఱొక ఊరికి పోయిరి. ఈ పత్రిక పాత విద్యార్థులకును పంపబడునుగనుక ఆ జవాబు నిచ్చట వ్రాయుచున్నాము.

మొదట వాయుమేఘమునుగూర్చి కొంత తెలిసికొనవలెను. నక్షత్రములకు నడుమనున్న చోటు వట్టి శూన్యము గాదు. అచ్చటచ్చట ఉదజని, అనగా హైడ్రోజన్ వాయువు, మేఘములుగా చేరియుండును. దానిలో కొంత హీలియము, నూటికొకపాలు మాత్రము ధూళి కలిసియుండును. ఆ ధూళి మన బాటలమీది దుమ్మువంటిది గాదు. పొగలోని మసి రేణువులంత సన్నమైనది. చలి చెప్ప శక్యము గాదు. మంచుగడ్డకంటె 260 డిగ్రీలు దిగువ. పలుచదనమో, ఘన సెంటీమీటరునకు కొన్ని వందల లేక వేల అణువులు మాత్రమే యుండును. మనము పీల్చు గాలిలో అంతే చోటున రెండు లక్షల కోట్ల కోట్లకు మించిన అణువులు కలవు. ఇంత పలుచనిదైనను మేఘము కాంతి సంవత్సరముల పొడవునను వ్యాపించి యుండుటచేత, మొత్తముమీద వేలకొలది లక్షలకొలది సూర్యుల యెత్తు పదార్థము దానిలో నుండును.

ఇట్టి మేఘము తన బరువునకు తానే లోపలికి కుంగునని, లోపలి వేడిమి దానిని నిలువబెట్టజాలని మేర యొకటి కలదని ఇంగ్లండులో జేమ్స్ జీన్స్ 1902లో గణితము ద్వారా నిరూపించెను. ఎక్కడ చిక్కబడెనో అక్కడ ఆకర్షణ హెచ్చును; ఆకర్షణ హెచ్చినచోటికి మఱింత వాయువు వచ్చును. చలి యెంత యెక్కువైన కుంగుట అంత సులభము. నిప్పుముద్దలకు పుట్టినిల్లు లోకములోని మిక్కిలి చల్లని చోటగుట వింతయే.

మన సూర్యునివంటి చిన్న నక్షత్రము విషయములో మా పాత పాఠము చాలవరకు నిజమే. కొన్ని లక్షల సంవత్సరములలో వాయువు చాలవరకు చేరిపోవును. ఆ పిమ్మట ఆ ముద్ద మెల్లమెల్లగా కుంచించుకొనుచు, మూడు నాలుగు కోట్ల సంవత్సరములకు గాని నడుమ ఉదజని మండు స్థితికి రాదు. అనగా భోజనము ముగిసిన చాలకాలమునకు దీపము వెలుగును. వెలిగిన దీపము తరిమివేయుటకు చుట్టును ఏమియు మిగిలియుండదు.

సూర్యునికంటె ఎనిమిది రెట్లకు మించిన ద్రవ్యరాశి గలవానిని మహానక్షత్రములందురు. వేయి నక్షత్రములు పుట్టినచో వానిలో ఇట్టివి పదింటికి మించవు. ఈ జాతికి చెందిన నక్షత్రము ఎంత భారమైన నంత త్వరగా కుంచించుకొనును. కొన్ని వేల సంవత్సరములలోనో, కొన్ని పదుల వేల సంవత్సరములలోనో నడుమ నిప్పంటుకొనును. అప్పటికి వాయువు ఇంకను పైనుండి పడుచునే యుండును. కావున మహానక్షత్రము తినుచుండగనే వెలుగవలసినది, వెలుగుచునే తినవలసినది. మేము బోధించిన పాఠమున లేని సంగతి యిదియే.

చిక్కు ఎచ్చట వచ్చునో లెక్క వేసి చూతము. నక్షత్రపు ద్రవ్యరాశి పదింతలైన దాని ఆకర్షణయు పదింతలే యగును. దాని వెలుగో, అయిదువేల యింతలకు మించును. ద్రవ్యరాశి ఇరువదింతలైన వెలుగు నలుబదివేల యింతలకు పైబడును. లోపలికి లాగు బలము మెట్లెక్కుచుండగా వెలుపలికి త్రోయు బలము కొండ లెక్కుచున్నదన్నమాట. వెలుగు త్రోయునా యని సందేహింపవలదు. ఎండ మన వీపుమీద పడునప్పుడును మిక్కిలి స్వల్పముగా త్రోయుచునే యుండును. మనకు తెలియదు, అంతే. నక్షత్రము దగ్గర ఆ వెలుగు ధూళి రేణువులను పట్టి త్రోయును. ధూళి వాయువుతో పెనగొని యుండుటచే వాయువును వెనుకకు పోవలసివచ్చును. బూడిద పైకి లేచిపోవునని ఆ బిడ్డ చెప్పినది అక్షరాల నిజము. ఇరువదవ శతాబ్ది ప్రారంభమున ఆర్థర్ ఎడింగ్టన్ నక్షత్రముల లోపల వెలుగునకు బరువునకు జరుగు ఈ పోరాటమును గణించి చూపెను. 1974లో ఫ్రాంజ్ కాన్ దానిని పుట్టుచున్న నక్షత్రమునకు అన్వయించి, వాయువు అన్ని దిక్కులనుండి సమానముగా పడునెడల సూర్యునికి సుమారు 40 రెట్లు కాగానే ఎదుగుదల ఆగవలెనని లెక్కించెను.

ఆకాశమో ఈ లెక్కను లక్ష్యపెట్టలేదు. పెద్ద మెజెల్లాను మేఘమను పొరుగు నక్షత్ర మండలములో ఆర్ 136 ఎ 1 అను నక్షత్రము కలదు. దాని ద్రవ్యరాశి సూర్యునికి 150 రెట్లకు మించినదని కొలతలు చెప్పుచున్నవి. కనుక లెక్కలోనైన లోపముండవలెను, లేక నక్షత్రము మఱియొక దారిని పెరిగియుండవలెను. చిన్న నక్షత్రములు కిక్కిరిసిన చోట ఒకదానితో నొకటి ఢీకొని కలిసిపోయి పెద్దవగునని 1998లో కొందరు సూచించిరి. అంత యిఱుకైన చోట్లు మిక్కిలి యరుదుగనుక ఆ సూచన అన్నిటికిని సరిపోలేదు.

చిక్కును విప్పిన మాట, కాన్ లెక్కలోని “అన్ని దిక్కులనుండి సమానముగా” అనునదియే. వాయువు అట్లు పడదు. ఏ మేఘమైనను కొద్దిగానైన తిరుగుచుండును. మోటబావినుండి వచ్చిన నీరు తొట్టి అడుగు తూమున బోవునప్పుడు సుడి తిరుగుటను మన పిల్లలు చూచియే యుందురు. తూమునకు చేరినకొలది సుడి వడి హెచ్చును. అట్లే కుంగుచున్న మేఘము వడిగా తిరుగుచు, తిన్నగా నడుమ పడజాలక, చుట్టును చదునైన చక్రముగా పరచుకొనును. ఆ చక్రములో పదార్థము తిరుగుచు తిరుగుచు కొంచెము కొంచెముగా లోపలికి జారి నక్షత్రపు నడుమును చేరును. చక్రమునకు పైనను క్రిందను, అనగా ధ్రువముల దిక్కున, చోటు దాదాపు ఖాళీగా నుండును.

ఇప్పుడు మన యిండ్లలోని మట్టిపొయ్యిని తలచుకొనుడు. కట్టెలు ప్రక్కనున్న నోటినుండి పోవును. మంట పైకి పోవును. కట్టెలకు మంటకు త్రోవలు వేఱుగుటచేత మంట యెంత పెద్దదైనను కట్టెలను వెనుకకు నెట్టదు. పుట్టుచున్న మహానక్షత్రమును ఇట్టిదే. వాయువు చక్రపు అంచునుండి, అనగా ప్రక్కనుండి, లోపలికి పోవును; చక్రము దట్టమైనదగుటచే దానిగుండ వెలుగు చొరజాలక, ధ్రువములవైపు ఖాళీయైన త్రోవను పట్టి పైకిని క్రిందికిని పోవును. చీకటిలో చేతిదీపము ఒక దిక్కున వెలుగును జిమ్మి ప్రక్కలను చీకటిగా నుంచును గదా. 2002లో హెరాల్డ్ యార్క్, కోర్డులా సొన్‌హాల్టర్ అనువారు గణనయంత్రముల సహాయమున ఈ సంగతిని లెక్కించి, చక్రము గల నక్షత్రము వెలుగు తాకిడికి తాళి పెరుగగలదని చూపిరి.

ఈ యుపమానము ఒకచోట కుంటుపడును. పొయ్యి నోరు మనము కట్టినది. నక్షత్రపు నోరు దానంతట నదే యేర్పడినది. మఱియు ధూళి విషయమును మఱువరాదు. చక్రపు లోయంచున వేడి సుమారు 1200 డిగ్రీలు దాటినచోట ధూళి రేణువులు ఆవిరియైపోవును. ధూళి పోయినచోట వెలుగునకు పట్టుకొని త్రోయుటకు పిడియే లేదు. ఉత్త వాయువు మీద దాని బలము చాల తక్కువ.

2009లో మార్క్ క్రుమ్‌హోల్జ్ మొదలగువారు మఱింత వివరమైన లెక్క వేసిరి. వారి లెక్కలో ఒక నక్షత్రమునకు బదులు జంట పుట్టినది. పెద్దది సూర్యునికి 40 రెట్లకు మించినది, చిన్నది 30 రెట్లకు సమీపించినది. ధ్రువముల దిక్కున వెలుగు ఊదిన బుడగలవంటి గుండ్రని ఖాళీలు ఏర్పడినవి. వాని గోడలపై చేరిన వాయువు దట్టమైన తీగలుగా విడిపోయి, వెలుగు నడుమనుండియే లోపలికి జారినది. మనవారు కళ్లమున గింజలను తూర్పారబట్టుట చూచినవారికి ఇది వింతగా దోపదు. చేటనుండి పలుచగా జారవిడిచినచో పొట్టు గాలికి పోవును. ఒక్కమారుగా గుమ్మరించినచో గింజయు పొట్టును కలిసి ముద్దగా కాళ్లయొద్దనే పడును. గాలి అదియే, పడు తీరు వేఱు. మఱుసటి సంవత్సరము రాల్ఫ్ కైపర్ మొదలగువారు, ఈ తీగల సహాయము లేకయే చక్రము మాత్రముననే నక్షత్రము నూఱు సూర్యులను మించి పెరుగగలదని లెక్కించిరి. రెంటిలో నేది యెంత ముఖ్యమో ఇంకను తగవులాడుచున్నారు. చక్రము ముఖ్యమనుటలో మాత్రము భేదము లేదు.

లెక్క యెంత చక్కనిదైనను కంటితో చూడవలెను గదా. ఇచ్చట మనదేశపు పాత వేధశాలల పనిని స్మరింపక తప్పదు. హైదరాబాదులోని నిజామియా వేధశాల ఇరువదవ శతాబ్ది తొలి దశాబ్దములలో ఆకాశమును ఛాయాచిత్రములు తీసి లక్షలకొలది నక్షత్రముల స్థానములను పట్టికలకెక్కించి, పలు దేశములు పంచుకొన్న పనిలో తన పాలును తీర్చినది. అది వెలుగుచున్న నక్షత్రముల జనాభా లెక్క. పుట్టుచున్న మహానక్షత్రమో, ధూళి దుప్పటి కప్పుకొని యుండును. సామాన్యమైన వెలుతురు దానినుండి వెలికి రాదు. ధూళిని దాటి రాగలవి ముఖ్యముగా పరారుణ కిరణములును రేడియో తరంగములును.

ఇప్పుడు మన ఆటస్థలమునుండి చూచిన ఆవిరి మరకయొద్దకు రావచ్చును. ఓరియన్ నీహారిక మనకు సుమారు 1,350 కాంతి సంవత్సరముల దూరమున నున్నది. మహానక్షత్రములు పుట్టుచున్న చోట్లలో మనకు మిక్కిలి దగ్గరిది యిదియే. చిన్న దూరదర్శినితో చూచినచో దాని నడుమ నాలుగు చుక్కలు దగ్గరదగ్గరగా కనబడును. వానిలో ప్రకాశవంతమైనది సూర్యునికి 30 రెట్లకు మించిన ద్రవ్యరాశి గలది. నీహారిక యంతయు ముఖ్యముగా దాని వెలుగుచేతనే వెలుగుచున్నది. అవి పుట్టి దుప్పటి తొలగించుకొన్న బిడ్డలు. పొత్తిళ్లలో నున్నవారు వాని వెనుకనున్నారు. 1967లో ఎరిక్ బెక్లిన్, గెరీ నాయిగెబవర్ అనువారు పరారుణ కిరణములతో చూచి, నీహారిక వెనుక మేఘమున కంటికి కనబడని యొక ప్రకాశమును కనిపెట్టిరి. దాని ప్రక్కనే రేడియో తరంగములకు దొరకినది ‘సోర్స్ ఐ’ అను మఱియొక నక్షత్రము. దీని ద్రవ్యరాశి సూర్యునికి సుమారు 15 రెట్లు.

దక్షిణ అమెరికాలోని చిలీ దేశమున, అటకామా యెడారిలో, సముద్ర మట్టమునకు 5,000 మీటర్ల యెత్తున ఆల్మా యను రేడియో దూరదర్శిని కలదు. అది 66 పెద్ద పళ్లెముల సముదాయము. దానితో ‘సోర్స్ ఐ’ని పరీక్షించి, దాని చుట్టును చక్రము తిరుగుచున్నదని, ధ్రువముల దిక్కున వాయువు వెలికి చిమ్మబడుచున్నదని కనుగొనిరి. పొయ్యి నోరును పైమంటయు రెండును అచ్చట నున్నవి. 2019లో ఆడమ్ గిన్స్‌బర్గ్ మొదలగువారు ఆ చక్రములో మఱియొక వస్తువును గుర్తించిరి. అది మన యిండ్లలోని వంట యుప్పు, సోడియం క్లోరైడు! విద్యార్థులు నవ్వవచ్చును; శాస్త్రజ్ఞులు మాత్రము సంతోషించిరి. ఏలయన ఆ యుప్పు ఆవిరి చుట్టుపట్ల మేఘమున లేదు, చక్రమున మాత్రమే యున్నది. దాని రేడియో తరంగములను పట్టినచో చక్రము ఎంత వడిగా తిరుగుచున్నదో తెలియును. వడి తెలిసిన నడుమనున్న నక్షత్రపు ద్రవ్యరాశి తెలియును. ఉప్పుతో నక్షత్రమును తూచుచున్నారన్నమాట.

నక్షత్రము ఎంత వడిగా తినును? చిన్న నక్షత్రము సంవత్సరమునకు సూర్యునిలో లక్షవ పాలో పదిలక్షల పాలో తినును. మహానక్షత్రము పదివేల పాలు, ఒక్కొకప్పుడు వేయవ పాలుగూడ తినును. పదివేల పాలు చొప్పున లక్ష సంవత్సరములు తినినచో పది సూర్యులగును. అయితే ఆహారము నిలుకడగా పడదని ఇటీవల తెలిసినది. సుమారు 5,800 కాంతి సంవత్సరముల దూరమున, సూర్యునికి ఇరువది రెట్లుగల నూతన నక్షత్ర మొకటి కలదు. 2015లో అది యకస్మాత్తుగా అయిదింతలు ప్రకాశించినది. చక్రమునుండి పెద్ద ముద్ద యొకటి ఒక్కసారిగా దానిమీద పడినందున నట్లు జరిగెనని తేల్చిరి. అప్పుడు వెలువడిన శక్తి, సూర్యుడు లక్ష సంవత్సరములలో ఇచ్చు శక్తికి సమానము. చిన్న నక్షత్రములు ఇట్లు తినుట పూర్వము తెలిసినదే. పెద్దవియు అదే తీరున తినునని ఈ సంఘటన వలన తెలిసినది.

2023 నవంబరులో మఱియొక వార్త వెలువడినది. 1,60,000 కాంతి సంవత్సరముల దూరమున, ఇంతకు ముందు చెప్పిన పెద్ద మెజెల్లాను మేఘమున, పుట్టుచున్న మహానక్షత్రము చుట్టును చక్రము తిరుగుచుండుటను ఆల్మా ద్వారా అన్నా మెక్లౌడ్ మొదలగువారు కనిపెట్టిరి. మన పాలపుంతకు వెలుపల ఇట్టి చక్రమును చూచుట అదే మొదలు.

ఇంత ఆహారము ఎచ్చటనుండి వచ్చునను ప్రశ్న యింకను తెగలేదు. ఆరంభముననే ఒకచోట పెద్ద ముద్ద సిద్ధముగా నుండవలెనని కొందరందురు. మొదట అన్నియు చిన్న విత్తనములే, నడిమి పల్లమున పడిన విత్తనము మాత్రము చుట్టుపట్లనుండి వచ్చు వాయువును ఇతరులకంటె నెక్కువగా లాగుకొని పెద్దదగునని మఱికొందరందురు. మా బుద్ధికి రెండవది చెరువును తలపించును. మన సీమలో వంకలు నాలుగు కలియుచోట కట్టిన చెరువు ఒక్క మంచి వానకే నిండును. వంకలేని కుంట ప్రక్కననే యున్నను ఎండియుండును. 2009 మొదలు 2013 వరకు పనిచేసిన హెర్షెల్ అంతరిక్ష దూరదర్శిని మేఘములను చూచినప్పుడు, వానిలో వాయువు పొడుగైన తీగలుగా ఏర్పడి, కొన్నిచోట్ల పలు తీగలు వచ్చి యొక్క ముడిలో కలియుట కనబడినది. మహానక్షత్రముల గుంపులు అనేకము అట్టి ముడులయందే యున్నవి. చెరువు పెద్దదిగా పుట్టినదా, వంకలచే పెద్దదైనదా యన్న మాటకు ఇది పూర్తి జవాబు గాకపోయినను, వంకలు కలవనుట నిజము.

ఇంత కష్టపడి పెరిగిన నక్షత్రము దీర్ఘాయువు గాదు. సూర్యుని యాయుస్సు సుమారు వేయికోట్ల సంవత్సరములు. ఇరువది రెట్లుగల నక్షత్రమునకు కోటి సంవత్సరములు గూడ చాల కష్టము. ఇంధనము ఇరువదింతలున్నను ఖర్చు నలుబదివేల యింతలగుటయే కారణము. మన ఆరుద్ర యిప్పుడా కడపటి దశలో నున్నది. దాని ద్రవ్యరాశి సూర్యునికి సుమారు 15 నుండి 20 రెట్లు; వయస్సు కోటి సంవత్సరముల ప్రాంతము. ఉబ్బి ఎఱ్ఱబారినది. 2019 కడపట, 2020 మొదట అది మిక్కిలి మసకబారగా పేలిపోవునేమోయని పలువురు ఎదురుచూచిరి. అది తానే వెలిగ్రక్కిన పదార్థము ధూళియై అడ్డుపడినదని తరువాత తెలిసినది. ఇక నొక లక్ష సంవత్సరములలో ఎప్పుడైనను పేలవచ్చును. నేటి రాత్రియే యని యెవ్వరును మేలుకొని కూర్చుండ నక్కరలేదు.

పేలునప్పుడు అది తినినదానిని మార్చి తిరిగి యిచ్చును. ఉదజనిగా లోపలికి పోయినది ప్రాణవాయువుగా, ఇతర ధాతువులుగా వెలికి వచ్చును. మనము పీల్చు ప్రాణవాయువులోను, పాపఘ్ని చిత్రావతుల నీటిలోను గల ఆ ధాతువు చాలవరకు సూర్యుడు పుట్టకమునుపే చచ్చిన మహానక్షత్రముల గర్భమున తయారైనది. కొన్నిటి అవశేషములు పేలుడు పిమ్మట మిక్కిలి చిక్కని చిన్న గోళములై మిగులును. వానిని న్యూట్రాన్ నక్షత్రములందురు. అట్టివి రెండు ఢీకొనుటను 2017 ఆగస్టు 17న శాస్త్రజ్ఞులు కనిపెట్టి, ఆ తాకిడిలో మిక్కిలి బరువైన ధాతువులు పుట్టుటకు నిదర్శనము చూచిరి. యురేనియము పుట్టుటకును ఇట్టి తాకిడులే ముఖ్య కారణములని తలచుచున్నారు. పులివెందులకు సమీపమున తుమ్మలపల్లెయొద్ద భూమిలోనుండి త్రవ్వి తీయు యురేనియపు ఖనిజము మన విద్యార్థులు అనేకులకు ఎఱుకయే. వారిలో కొందరి తండ్రులు ఆ గనిలో దిగి పనిచేయుచున్నారు. ఏ మేఘమున, ఏ చక్రమున పెరిగి చచ్చిన నక్షత్రముల శేషమో ఆ రాతి పొరలలో నిలిచి, నేటికిని మెల్లమెల్లగా క్షీణించుచున్నది.

నీహారికను చూడగోరువారికి రెండు మాటలు. జనవరి నడుమ రాత్రి పది గంటలకును, ఫిబ్రవరి మొదట తొమ్మిది గంటలకును అది మన ఊరి ఆకాశమున అన్నిటికంటె యెత్తున నుండును. అమావాస్యకు దగ్గరి దినములు మేలు. వీధిదీపములకు దూరముగా పొలమునకు పోయి, పెద్దలనెవరినైన వెంటబెట్టుకొని, పది నిమిషములు చీకటికి కన్నులను అలవాటు చేసికొనవలెను. చేతి ఫోను వెలుగు చూడరాదు. మూడు చుక్కల వరుసనుండి దిగువకు దృష్టి దింపి, మరకను తిన్నగా గాక కొంచెము ప్రక్కగా చూచినచో బాగుగా కనబడును. మన బాలిక యిప్పుడు ఏ యూరి బట్టీయొద్ద నున్నదో మాకు తెలియదుగాని, ఆ మరక అచ్చటను కనబడును.